ఎఫ్1బి అంటే హామీ పత్రం కాదు: డూడుల్ కుక్కపిల్లలు అమ్మే మనవాళ్లకు బహిరంగ లేఖ

అమెరికాలో గోల్డెన్‌డూడుల్ (గోల్డెన్ రిట్రీవర్, పూడుల్ సంకరం), లాబ్రడూడుల్ (లాబ్రడార్ రిట్రీవర్, పూడుల్ సంకరం) పిల్లలు పెట్టించి అమ్ముతున్న తెలుగువారికి, ఆ ప్రకటనలకు చోటిస్తున్న తెలుగు సమూహాల నిర్వాహకులకు,

నమస్కారం.

కుక్కల వైద్యం, గ్రూమింగ్, పెంపకం పనుల్లో ఉన్న కొందరు తెలుగువాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఇదే విషయం మీద మీలో పలువురికి విడివిడిగా రాశాం. ప్రకటనల్లో ఏమేం ఉండాలో ఒక నమూనా తయారుచేసి నిర్వాహకులకు పంపాం. 'చూస్తాం అండీ' అన్న మాట తప్ప మరేమీ రాలేదు. ప్రకటనలు మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయి. అందుకే ఇప్పుడు కొనేవాళ్లు కూడా చదివేలా రాస్తున్నాం.

ఆ ప్రకటనల తీరు మీకు తెలిసిందే. "ఎఫ్1బి మినీ గోల్డెన్‌డూడుల్స్, హైపోఅలర్జెనిక్, వెంట్రుకలు రాలవు, పేరెంట్స్ హెల్త్ టెస్టెడ్, డిపాజిట్ నాన్‌రిఫండబుల్." హైపోఅలర్జెనిక్ అంటే అలర్జీ తెప్పించనివని. ఇందులో కొనేవాడు సరిచూసుకోగలిగింది డిపాజిట్ వెనక్కి రాదన్న మాట ఒక్కటే. మిగతావన్నీ రెండు మూడు వేల డాలర్లు చేతులు మారాక, ఆరు నెలలకో రెండేళ్లకో బయటపడేవి.

ముందు ఈ తరాల లెక్క సూటిగా చెప్పుకుందాం. మీలో కొందరు అమ్ముతున్న పిల్లలకే తప్పు అక్షరాలు పెడుతున్నారు.

ఎఫ్1 అంటే అసలు జాతి పూడుల్‌కూ అసలు జాతి రిట్రీవర్‌కూ పుట్టిన మొదటి తరం. పూడుల్ వాటా సగం, రిట్రీవర్ వాటా సగం. మన ఊళ్లలో మిర్చి, టమాటా వేసే రైతుకు ఎఫ్1 విత్తనం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మొదటి తరం పంట దాదాపు ఒకేలా వస్తుంది. దాని గింజ దాచి మళ్లీ వేస్తే మొక్క మొక్కకూ తేడా. కుక్కల్లోనూ వారసత్వం నడిచేది ఇలాగే. కాకపోతే విత్తన కంపెనీలు వాడే తల్లి, తండ్రి వరసలంత ఏకరీతిగా కుక్కజాతులు ఉండవు. అందువల్ల ఎఫ్1 పిల్లల్లోనూ కొంత తేడా ఉంటుంది. రెండో తరానికి ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

ఎఫ్1ను తిరిగి పూడుల్‌తో క్రాసింగ్ చేయిస్తే ఎఫ్1బి. సగటున పూడుల్ వాటా 75 శాతం. ఆ ఎఫ్1బిని మళ్లీ పూడుల్‌తో కలిపితే ఎఫ్1బిబి, 87.5 శాతం. ఎఫ్1, ఎఫ్1 కలిస్తే ఎఫ్2, సగటు మళ్లీ 50 శాతమే. ఎఫ్2బి దగ్గర గందరగోళం మొదలవుతుంది. ఎఫ్1ను ఎఫ్1బితో కలిపినా కొందరు ఎఫ్2బి అంటారు (62.5 శాతం). ఎఫ్2ను పూడుల్‌తో కలిపినా ఎఫ్2బి అంటారు (75 శాతం). పేరు ఒకటే, కుక్కలు రెండు రకాలు. ఆపైన వచ్చే వాటన్నిటినీ మల్టీజెన్ అనే ఒక్క గంపలో వేస్తారు. లాబ్రడూడుల్‌లో ఇంకో తిరకాసు ఉంది. 'ఆస్ట్రేలియన్ లాబ్రడూడుల్' అన్న పేరుతో వచ్చేవి లాబ్రడార్, పూడుల్ మాత్రమే కలిసినవి కావు. వాటి వంశంలో కాకర్ స్పానియల్ లాంటి జాతులూ కలిశాయి. పైగా 2020లో వచ్చిన జన్యు పరిశీలనలో ఆ కుక్కల్లో పూడుల్ వాటాయే చాలా ఎక్కువని తేలింది. ఆస్ట్రేలియాలో పుట్టిన లాబ్రడూడుల్ అనుకుని కొనేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక మా అభ్యంతరాలు, వాటివల్ల మామూలు కుటుంబాలకు జరుగుతున్నదేమిటో వరసగా.

1. శాతం అన్నది సగటు. ప్రతి పిల్లకూ అంతే ఉంటుందని కాదు. ఎఫ్1బి పిల్లకు పూడుల్ తండ్రి నుంచి సగం కచ్చితంగా వస్తుంది. ఎఫ్1 తల్లి నుంచి వచ్చే మిగతా సగంలో పూడుల్ ముక్కలెన్ని, రిట్రీవర్ ముక్కలెన్ని అన్నది పిల్ల పిల్లకూ మారుతుంది. ఒకే ఈతలో ఒకటి 70 శాతం, ఇంకోటి 80 శాతం పూడుల్ అయితే వింతేమీ లేదు. అంతకన్నా ముఖ్యం, మొత్తం శాతం ఎంతన్నది కాదు, ఏ జన్యువు ఎటువైపు నుంచి వచ్చిందన్నది. 80 శాతం పూడుల్ ఉన్న పిల్లకు బొచ్చు రాలే జన్యువు రిట్రీవర్ నుంచే వచ్చి ఉండొచ్చు. అందుకే "ఇది 75 శాతం పూడుల్, రాలదు" అన్న మాటలో మొదటి సగం నుంచి రెండో సగం రాదు.

2. 'బి' అన్న అక్షరం బ్యాక్‌క్రాస్ (అసలు జాతుల్లో ఒకదానితో తిరిగి కలపడం) అని మాత్రమే చెబుతుంది. ఎటువైపుకి అన్నది చెప్పదు. ఎఫ్1ను రిట్రీవర్‌తో కలిపినా అది బ్యాక్‌క్రాసే. అప్పుడు పూడుల్ వాటా 25 శాతమే. ఇది అరుదు, నిజమే. అరుదు కానిది మరొకటి ఉంది. ఇంట్లో ఒకే పూడుల్ మగకుక్కను పెట్టుకుని, దానికి పుట్టిన ఎఫ్1 ఆడపిల్లను పెంచి, తిరిగి ఆ తండ్రితోనే క్రాసింగ్ చేయించడం. కాగితం మీద అది ఎఫ్1బి. రక్తసంబంధం లెక్కలో తండ్రీకూతుళ్ల జత, పుట్టే పిల్లల ఇన్‌బ్రీడింగ్ గుణకం (రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు వచ్చే అవకాశం) 25 శాతం. ఒక ఈతలోని అన్నాచెల్లెళ్లను కలిపి ఎఫ్2 అన్నా అంతే, 25 శాతం. సవతి తోబుట్టువులైతే 12.5. "సంకరజాతి కాబట్టి ఆరోగ్యంగా ఉంటుంది" అని చెప్పి అమ్మే పిల్ల ఇలాంటి జతకు పుట్టి ఉంటే ఆ మాటకు అర్థమే లేదు. సంకరబలం (వేరు వేరు జాతులు కలిస్తే వచ్చే బలం) అన్నది ఉంటే, అది ఎక్కువగా ఉండేది ఎఫ్1లో. సంబంధం లేని పూడుల్‌తో బ్యాక్‌క్రాస్ చేసినా అందులో సగం పోతుంది. తండ్రితోనే చేస్తే ఆ పోయిన సగంలో పూడుల్ దోషాలు రెండు వైపుల నుంచీ కలిసే వీలు పెరుగుతుంది.

3. బొచ్చు సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చదవమని కోరుతున్నాం, ఎందుకంటే మోసం జరుగుతున్నది ఎక్కువగా ఇక్కడే. కుక్కల బొచ్చులో కనిపించే తేడాల్లో చాలా భాగం మూడు జన్యువుల మీద నడుస్తుందని 2009లోనే తేలింది. ఆర్‌ఎస్‌పీఓ2 మూతి మీద మీసాలు, గడ్డం, కనుబొమల జుట్టు (వీటినే ఫర్నిషింగ్స్ అంటారు) ఇస్తుంది. ఎఫ్‌జీఎఫ్5 పొడవును, కేఆర్‌టీ71 ఉంగరాలను నిర్ణయిస్తాయి. వీటికి తోడు ఎంసీ5ఆర్ అనే జన్యువు రాలడం మీద ప్రభావం చూపుతుంది.

దాదాపు అన్ని పూడుళ్లలో ఫర్నిషింగ్స్ జన్యువు రెండు ప్రతులూ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) ఉంటాయి. రిట్రీవర్‌లో ఒక్కటీ ఉండదు. ఇది ప్రబల లక్షణం, ఒక్క ప్రతి చాలు. అందువల్ల ఎఫ్1 పిల్లలన్నిటికీ మీసాలుంటాయి, కానీ ఒక్కో ప్రతే. అలాంటి రెండు ఎఫ్1లను కలిపి ఎఫ్2 పెట్టిస్తే సగటున నాలుగింట ఒక పిల్లకు అసలు మీసాలు రావు. మూతి నున్నగా రిట్రీవర్‌లా ఉంటుంది, బొచ్చు రిట్రీవర్‌లాగే రాలుతుంది. ఎనిమిది పిల్లల ఈతలో సగటున రెండు. ఎఫ్1బిలో, పూడుల్‌కు రెండు ప్రతులూ ఉంటే, ప్రతి పిల్లకూ మీసాలు వస్తాయి. కానీ వాటిలో సగం ఒక్క ప్రతినే మోస్తాయి. పరీక్ష చేయించకుండా ఎఫ్1బిని ఎఫ్1బితో కలిపితే సగటున పదహారింట ఒక పిల్ల మళ్లీ నున్నటి మూతితో పుడుతుంది. మల్టీజెన్ అని ఎక్కువ ధర పెట్టి కొన్న ఇంట్లో సోఫా నిండా వెంట్రుకలుంటే, అదెలా జరిగిందో ఈ లెక్కలో ఉంది.

లాబ్రడార్ అయితే ఇంకో మెలిక. గోల్డెన్ రిట్రీవర్‌కూ పూడుల్‌కూ బొచ్చు పొడవే, కాబట్టి గోల్డెన్‌డూడుల్స్ అన్నీ పొడవు బొచ్చువే. లాబ్రడార్‌ది పొట్టి బొచ్చు, అది ప్రబలం. ఎఫ్1 లాబ్రడూడుల్స్ ఎక్కువగా గరుకుగా, చిందరవందరగా ఉండేది అందుకే. ఎఫ్1బిలో సగం పిల్లలకే పొడవు బొచ్చు వస్తుంది. గోల్డెన్‌డూడుల్ ఫోటో పెట్టి ఎఫ్1 లాబ్రడూడుల్‌ను అమ్మేవాళ్లు ఈ వాక్యం రెండోసారి చదవాలి.

ఇందులో దాచడానికీ ఏమీ లేదు. ఐదారు వారాలకే మూతి చూస్తే తెలుస్తుంది. మూతి మీద వెంట్రుకలు నిలబడి గడ్డం మొదలైన పిల్ల ఒకటి, మూతి నున్నగా ఉన్న పిల్ల ఒకటి. ఎనిమిది వారాలకు పిల్లను చేతిలో పెట్టేటప్పటికి అమ్మేవాడికి కచ్చితంగా తెలుసు. చెప్పకపోవడం తెలియక కాదు. నిజానికి నున్నటి మూతి పిల్ల చెడ్డ కుక్క కానే కాదు. వెంట్రుకలు రాలినా సరే అనుకునే ఇంటికి దానంత సులువుగా సాకగలిగే డూడుల్ మరొకటి లేదు. ఆ ఇంటికి ఆ మాట చెప్పి ఇవ్వండి.

4. 'హైపోఅలర్జెనిక్.' ఈ మాట వల్ల జరిగే నష్టం మిగతా అన్నిటికన్నా ఎక్కువ. అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్లు. వాటిలో ముఖ్యమైనది కాన్ ఎఫ్ 1. వెంట్రుకలు రాలని కుక్కకూ నాలుక ఉంటుంది, చర్మం ఉంటుంది. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు పూడుల్, లాబ్రడూడుల్ లాంటి 'అలర్జీ లేని' కుక్కల వెంట్రుకల్లో కాన్ ఎఫ్ 1 కొలిస్తే మిగతా జాతుల కన్నా తక్కువ లేకపోగా ఎక్కువే కనిపించింది. లాబ్రడూడుల్ ఉన్న ఇళ్ల నేల దుమ్ములో కొంత తక్కువున్నా, గాలిలో తేడా కనిపించలేదు.

లాబ్రడూడుల్ కథ మొదలైంది కూడా ఇక్కడే. 1980ల చివర ఆస్ట్రేలియాలో గైడ్ డాగ్స్ సంస్థలో పనిచేసిన వాలీ కాన్రన్, హవాయిలోని ఒక చూపులేని మహిళ కోసం ఈ క్రాసింగ్ చేయించారు. ఆమె భర్తకు కుక్కలు పడవు. పుట్టినవి మూడు పిల్లలు. వాటి బొచ్చు, లాలాజలం నమూనాలు హవాయి పంపిస్తే ఆయనకు పడినది ఒక్కటే. స్వచ్ఛమైన ఎఫ్1లో, ఒకే ఈతలో, మూడింట ఒకటి. ఆ ఒక్కదాన్ని వెతికి పట్టుకున్నది పరీక్ష, తరం పేరు కాదు. తాను మొదలుపెట్టింది ఇలా తయారైనందుకు కాన్రన్ తర్వాత బహిరంగంగానే బాధపడ్డారు.

మన ఇళ్లలో దీని పర్యవసానం వేరే రూపంలో వస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లవాడు ఉన్న ఇల్లు, 'హైపోఅలర్జెనిక్' అన్న మాట నమ్మి కుక్కను తెస్తుంది. లేదా ఇండియా నుంచి ఆరు నెలలకు అమ్మానాన్నలు వస్తారు, వచ్చిన వారానికి తుమ్ములు, ఆయాసం మొదలవుతాయి. అప్పుడు ఆ ఇంటి ముందు రెండే దారులు: పెద్దవాళ్లను ముందే వెనక్కి పంపడం, లేదా పిల్లలు ప్రాణంగా చూసుకుంటున్న కుక్కను ఎవరికైనా ఇచ్చేయడం. కొనేవాళ్లకు మా మాట: అలర్జీ ఉన్న మనిషిని తీసుకుని ఆ పిల్ల దగ్గరికీ, దాని తల్లి దగ్గరికీ వెళ్లి, ఒకసారి కాదు, కొన్నిసార్లు గంటల కొద్దీ గడపండి. అలర్జీ డాక్టర్‌ను విడి ప్రొటీన్ల పరీక్ష అడగండి. కాన్ ఎఫ్ 5 ఒక్కటే పడనివాళ్లూ ఉంటారు. అది మగకుక్క ప్రోస్టేట్ నుంచి వచ్చేది. వాళ్లకు ఆడకుక్క సరిపడవచ్చు. ఆ సమాచారం ముందు ఎఫ్1బినా ఎఫ్1బిబినా అన్న ప్రశ్న దేనికీ కొరగాదు.

5. 'మినీ.' ఏ పూడుల్‌తో కలిపారో చెప్పకుండా మినీ అనడం తగదు. ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) లెక్కలో భుజం ఎత్తు 15 అంగుళాలు దాటితే స్టాండర్డ్ పూడుల్, 10 దాటి 15 వరకు మినియేచర్, 10 లోపు టాయ్. 'మీడియం', 'మోయెన్' అని అక్కడ విడి వర్గం లేదు. గోల్డెన్ రిట్రీవర్ ఆడది 55 నుంచి 65 పౌండ్లు. మినియేచర్ పూడుల్ 10 నుంచి 15. ఈ రెంటి ఎఫ్1 పిల్లలు మధ్యలో ఎక్కడో ఆగుతాయి. ఎఫ్1లను ఎఫ్1లతో కలిపితే కొన్ని తాతలా, కొన్ని అవ్వలా పెరుగుతాయి. చాలా అపార్ట్‌మెంట్లలో కుక్క బరువుకు లీజులో పరిమితి ఉంటుంది. 25 పౌండ్లని చెప్పి ఇచ్చిన పిల్ల ఏడాదికి 48 తూగితే అమ్మినవాడికి పోయేదేమీ లేదు. లీజు పోయేది కొన్నవాడిది. తల్లిదండ్రుల బరువు, ఎత్తు, వీలైతే అదే జతకు ముందు ఈతలో పుట్టి పెరిగిన పిల్లల బరువు చెప్పండి. అంచనా అన్నది దాన్నుంచి వస్తుంది. ఇంకోటి, చిన్న పూడుల్‌తో కలిపేటప్పుడు తల్లి పెద్ద జాతిదే అయి ఉండాలి. టాయ్ పూడుల్ తల్లి కడుపున గోల్డెన్ పిల్లలు పెరిగితే కాన్పు ప్రాణాల మీదికి వస్తుంది.

6. 'హెల్త్ టెస్టెడ్.' ఈ రెండు మాటల కింద మీరు చూపిస్తున్నది చాలాసార్లు వెట్ రాసిన 'ఆరోగ్యంగా ఉంది' అన్న చీటీ, లేదంటే ఒక డీఎన్ఏ ప్యానెల్ రిపోర్టు. చీటీ పరీక్ష కాదు. డీఎన్ఏ పరీక్ష మంచిదే, కానీ దానికి తుంటి కీలు కనిపించదు. హిప్ డిస్‌ప్లేసియా (తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం) అనేక జన్యువుల వల్ల వచ్చేది, పూడుల్‌లోనూ రిట్రీవర్‌లోనూ ఉన్నది, ఎక్స్‌రేలోనే తెలిసేది. ఓఎఫ్ఏ (ఆ ఎక్స్‌రేలు చూసి గ్రేడు ఇచ్చే అమెరికన్ సంస్థ) తుది గ్రేడు 24 నెలలు నిండాకే ఇస్తుంది. పెన్‌హిప్ (తుంటి కీలు వదులును కొలిచే మరో ఎక్స్‌రే పద్ధతి) 16 వారాల నుంచే చేయించవచ్చు. రెండేళ్లు నిండని ఆడకుక్క పిల్లలు పెట్టిందంటే ఓఎఫ్ఏ తుది గ్రేడు లేకుండానే పెట్టింది. అడగాల్సిన ప్రశ్న అంత చిన్నది.

గోల్డెన్ అయితే తుంటి, మోచేయి, కంటి వైద్య నిపుణుడి పరీక్ష (ఇది ఏటా), గుండె. లాబ్రడార్ అయితే తుంటి, మోచేయి, కళ్లు, దాంతోపాటు ఈఐసీ అనే డీఎన్ఏ పరీక్ష. ఈఐసీ దోషమున్న కుక్క పది పదిహేను నిమిషాలు జోరుగా పరిగెత్తగానే వెనక కాళ్లు చచ్చుబడి కూలిపోతుంది. మినియేచర్ పూడుల్ అయితే తుంటి, కళ్లు, మోకాలి చిప్ప, పీఆర్‌సీడీ అనే కంటి జబ్బుకు డీఎన్ఏ పరీక్ష. స్టాండర్డ్ పూడుల్ అయితే తుంటి, కళ్లతోపాటు సెబేషియస్ అడినైటిస్ అనే చర్మవ్యాధి, విల్లెబ్రాండ్ అనే రక్తస్రావ దోషం, నియోనేటల్ ఎన్‌సెఫలోపతి అనే పసిపిల్లల మెదడు జబ్బు చూడాలి.

'జాతులు వేరు కాబట్టి జబ్బులు కలవవు' అన్న వాదన ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో తెలుసుకోండి. పీఆర్‌సీడీ అనే కంటి జబ్బు (మొదట రేచీకటి, తర్వాత పూర్తి గుడ్డితనం) పూడుల్‌లోనూ ఉంది, లాబ్రడార్‌లోనూ ఉంది, గోల్డెన్‌లోనూ ఉంది. రెండు వైపులా ఒక్కో దోష ప్రతి ఉంటే ఎఫ్1లోనే నాలుగింట ఒక పిల్లకు వస్తుంది. నియోనేటల్ ఎన్‌సెఫలోపతి స్టాండర్డ్ పూడుల్‌ది, రిట్రీవర్‌లో లేదు. కాబట్టి ఎఫ్1 పిల్లలకు రాదు. కానీ పూడుల్ దోషాన్ని మోస్తున్నదైతే ఎఫ్1లో సగం పిల్లలు మోస్తాయి. అలా మోసే ఎఫ్1ను, మోస్తున్న మరో పూడుల్‌తో కలిపి ఎఫ్1బి చేస్తే నాలుగింట ఒక పిల్ల వణుకుతో, మూర్ఛలతో ఏడు వారాలు నిండకుండానే పోతుంది. 'బి' ఎక్కువైన కొద్దీ పూడుల్ జబ్బులకు దారి తెరుచుకుంటుందే గాని మూసుకోదు. గోల్డెన్‌లో విరివిగా ఉండే ఇక్థియోసిస్ (పొట్టు రాలే చర్మం) ఇందుకు తిరగేసిన ఉదాహరణ. ఎఫ్1కు రాదు, ఎఫ్1బికి రాదు, రెండు ఎఫ్1లను కలిపిన ఎఫ్2కు రావచ్చు. ప్రతి తరానికీ దాని జబ్బులు దానికున్నాయి, అందువల్ల ఎఫ్1 తల్లికి కూడా పరీక్షలు విడిగా చేయించాల్సిందే. "వాళ్ల అమ్మానాన్నలకు చేయించాం" అంటే కుదరదు.

లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు 2024లో 9,402 కుక్కల వివరాలు పోల్చిచూశారు: లాబ్రడూడుల్, కాకపూ (కాకర్ స్పానియల్, పూడుల్ సంకరం), కావపూ (కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్, పూడుల్ సంకరం) ఒకవైపు, వాటి అసలు జాతులు మరోవైపు. పోల్చిన వాటిలో 86.6 శాతం సందర్భాల్లో జబ్బుపడే అవకాశంలో తేడా కనిపించలేదు. సంకరం కాబట్టి చెడ్డదని కాదు, సంకరం కాబట్టి మంచిదనీ కాదు. మంచి చెడూ తల్లిదండ్రుల దగ్గరే ఉన్నాయి.

7. అట్టకట్టిన బొచ్చు. 'రాలదు' అని చెప్పేవాళ్లు రాలని వెంట్రుక ఎక్కడికి పోతుందో చెప్పరు. అది బొచ్చులోనే ఉండిపోయి, ఉన్నదానికి చుట్టుకుని, చెవుల వెనక, చంకల్లో, పట్టీ కింద అట్ట కడుతుంది. సుమారు 6 నుంచి 12 నెలల మధ్య పిల్ల బొచ్చు పోయి పెద్ద బొచ్చు వచ్చేటప్పుడు ఇది మరీ ఎక్కువ. పైపైన దువ్వితే చాలదు. బొచ్చును పాయలుగా విడదీసి, చర్మం కనిపించేదాకా స్లిక్కర్ బ్రష్‌తో దువ్వి, ఆపైన ఇనుప దువ్వెన చివరిదాకా ఆగకుండా దిగుతుందో లేదో చూడాలి. చిక్కు తీయకుండా స్నానం చేయిస్తే అట్ట ఇంకా బిగుస్తుంది. అప్పటికి గ్రూమర్ చేయగలిగింది 7 లేదా 10 నంబరు బ్లేడుతో మొత్తం తీసేయడమే. చిక్కులు లాగి తీయడం కుక్కకు నరకం, దాని కింద చర్మం అప్పటికే పుండై ఉండవచ్చు. అప్పుడు తిట్లు తినేది గ్రూమర్. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గ్రూమింగ్, ప్రతిసారీ వంద డాలర్లు దాటే ఖర్చు, పది పన్నెండేళ్లు. ఇది కుక్క ధర కన్నా కొన్ని రెట్లు. ఉంగరాల జన్యువు రెండు ప్రతులున్న ఎఫ్1బికి ఈ శ్రమ మరీ ఎక్కువ. అమ్మేరోజు ఈ లెక్క ఒక్కసారి చెబితే కొందరు కొనరు. కొననివాళ్లు కొనకపోవడమే ఆ కుక్కకు మేలు.

8. కాగితాలు, రంగులు. ఏకేసీ డూడుల్స్‌ను జాతిగా నమోదు చేయదు. 'సీకేసీ పేపర్స్' అని మీరు రాస్తే అది కెనడియన్ కెన్నెల్ క్లబ్బా, కాంటినెంటల్ కెన్నెల్ క్లబ్బా చెప్పండి. రెంటికీ అవే మూడక్షరాలు. మొదటిది సంకరాలను నమోదు చేయదు. అసలు మాకు కావాల్సింది పిల్ల కాగితం కాదు, ఎఫ్1ను పుట్టించిన ఆ అసలు జాతి పూడుల్‌ది, రిట్రీవర్‌ది రిజిస్టర్డ్ పేరు, నంబరు. అవి ఉంటే ఓఎఫ్ఏ సైట్‌లో ఎవరైనా డబ్బు కట్టకుండా ఫలితాలు చూసుకోవచ్చు. ఇక మెర్ల్ (పలచబడిన రంగులో ముదురు మచ్చలుండే) రంగు డూడుల్స్‌కు ఎక్కువ ధర పెడుతున్నవాళ్లకు ఒక ప్రశ్న: గోల్డెన్‌లో మెర్ల్ లేదు, లాబ్రడార్‌లో లేదు, పూడుల్ జాతికి అది సొంత రంగు కాదు. మరి ఆ పిల్లలో కలిసిన మరో జాతి ఏది? రెండు మెర్ల్‌లను కలిపితే పిల్లలు చెవిటివిగా, గుడ్డివిగా పుట్టే ప్రమాదం ఉందని తెలిసే అమ్ముతున్నారా?

చట్టం చూసుకుంటుందిలే అనడానికీ లేదు. ఈనడానికి ఉంచుకున్న ఆడకుక్కలు నాలుగు దాటకపోతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. కొన్ని రాష్ట్రాల్లో జబ్బు పిల్లను అంటగడితే డబ్బు తిరిగివ్వాలనే చట్టాలున్నా, ఇంట్లో ఏడాదికి ఒకటి రెండు ఈతలు అమ్మేవాళ్లకు చాలాచోట్ల అవి వర్తించవు. పైగా తెలుగువాళ్లం, ఒక ఊరివాళ్లం అన్న నమ్మకంతో కొన్నవాళ్లు కోర్టు మెట్లెక్కరు. ఆ నమ్మకం మీదే మీ అమ్మకాలు నడుస్తున్నాయి కాబట్టి ఈ కింది డిమాండ్లు చట్టం పేరుతో కాదు, ఆ నమ్మకం పేరుతోనే పెడుతున్నాం.

అమ్మేవారికి:

1. ప్రతి ప్రకటనలో తల్లి, తండ్రి ఎవరో రాయండి: జాతి లేదా తరం, ఎత్తు, బరువు, వయసు. ఎఫ్1 కాని ప్రతి ఈతకూ తాత, అవ్వల వివరాలు కూడా. తరం పేరు పక్కనే దాన్ని ఏ జతతో లెక్కేశారో ఒక్క వాక్యం: 'ఎఫ్1 గోల్డెన్‌డూడుల్ తల్లి, సంబంధం లేని మినియేచర్ పూడుల్ తండ్రి' అన్నట్టు.

2. జత రక్తసంబంధం ఉన్నదైతే ఆ మాట, ఇన్‌బ్రీడింగ్ గుణకం రాయండి. తండ్రీకూతుళ్లు, తోబుట్టువుల జతలు మానేయండి.

3. తల్లిదండ్రులిద్దరి ఓఎఫ్ఏ లేదా పెన్‌హిప్ ఫలితాలు, కంటి పరీక్ష తేదీ, జాతికి తగిన డీఎన్ఏ పరీక్షలు, నంబర్లతో సహా. ఇవి లేకపోతే 'హెల్త్ టెస్టెడ్' అన్న మాట తీసేయండి. తల్లికి రెండేళ్లు నిండకుండా క్రాసింగ్ చేయించకండి.

4. ఎఫ్1 దాటిన ఏ ఈతకైనా తల్లిదండ్రుల బొచ్చు జన్యువుల పరీక్ష చేయించండి. నున్నటి మూతి పిల్లలను విడిగా, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి.

5. 'హైపోఅలర్జెనిక్' అన్న మాట పూర్తిగా మానండి. అలర్జీ ఉన్న ఇంటివాళ్లు డిపాజిట్ కట్టకముందే పిల్ల దగ్గర గడపడానికి వీలివ్వండి. పడకపోతే డిపాజిట్ తిరిగివ్వండి.

6. ఏ వయసులోనైనా, ఏ కారణం వల్లనైనా కొన్నవాళ్లు కుక్కను ఉంచుకోలేకపోతే మీరే వెనక్కి తీసుకుంటామని రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ పూచీ పడలేనివాళ్లు పిల్లలు పెట్టించకూడదు.

నిర్వాహకులకు రెండే. పైన అమ్మేవారికి చెప్పిన మొదటి మూడు అంశాలు లేని ప్రకటనను వేయకండి. మేము పంపిన నమూనా ఒక పేజీ, నింపడానికి పది నిమిషాలు చాలు. నిజంగా పరీక్షలు చేయించినవారికి అది లాభమే, ఇప్పుడు వాళ్ల పిల్లలూ చేయించనివారి పిల్లలూ ఒకే ధరకు పోతున్నాయి. రెండోది, డబ్బు తీసుకుని పిల్లను ఇవ్వనివారి మీద, జబ్బు దాచి అమ్మినవారి మీద వచ్చే ఫిర్యాదులను తొలగించకండి. గొడవలు వద్దని ఫిర్యాదు తీసేసి ప్రకటన ఉంచితే మీరు ఎటువైపు నిలబడ్డట్టో మీకే తెలుసు.

కొనబోతున్న కుటుంబాలకు ఒక్క మాట: ఈ వివరాలు అడిగితే 'అంత నమ్మకం లేకపోతే వేరేచోట చూసుకోండి' అనేవారు ఉంటారు. వేరేచోట చూసుకోండి.

ఈ లేఖకు జవాబు కోసం నెల రోజులు చూస్తాం. ఆ తర్వాత ఈ నమూనా ప్రకారం ప్రకటనలు ఇస్తామని ఒప్పుకున్న పెంపకందారుల, సమూహాల పేర్లతో జాబితా తయారుచేసి, అడిగిన ప్రతి కుటుంబానికీ ఇస్తాం. ఒప్పుకోనివారి పేర్లు రాయం. జాబితాలో లేకపోవడాన్ని బట్టి కొనేవాళ్లే తెలుసుకుంటారు.

ఇట్లు,
అమెరికాలో కుక్కల వైద్యం, గ్రూమింగ్, పెంపకం పనుల్లో ఉన్న తెలుగువాళ్లం